మెడకు చౌహద్దులు

రాజధానిలో ఒక పుస్తకావిష్కరణ జరిగింది. మంత్రిగారు పుస్తకానికి కట్టిన రిబ్బను విప్పి, పక్కన నిలబడ్డ రచయితను మర్యాదకు అడిగారు: "ఏమయ్యా, ఇది రాయడానికి నీకు ప్రేరణ ఏమిటి?"

రచయిత మొహమాటస్తుడు. "ఏమీ లేదండీ, ఊరికే రాశాను" అన్నాడు.

మంత్రిగారు మైకు ముందే ఆశ్చర్యపోయారు. "ఊరికే రాసినవాటిని లైబ్రరీలు ఊరికే ఎందుకు పెట్టుకోవాలి?" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. వెనక వరసలో కూర్చున్న కార్యదర్శిగారు ఆ చప్పట్లను ఆదేశంగా రాసుకున్నారు.

మూడు నెలలు తిరక్కుండా గ్రంథ ప్రేరణల ధృవీకరణ కార్యాలయం ఏర్పడింది, జిల్లాకొకటి. నిబంధన చాలా సులువు. అచ్చయిన ప్రతి పుస్తకానికీ తొంభై రోజుల్లోగా మా దగ్గర ప్రేరణ ధృవపత్రం తీసుకోవాలి. తీసుకోకపోతే అది 'ప్రేరణ లేని గ్రంథం' అవుతుంది. దాన్ని రాష్ట్రంలో ఏ లైబ్రరీ బీరువాలోనూ పెట్టకూడదు.

సారిపేటలోని మా జిల్లా కార్యాలయంలో నాకు జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళినవాణ్ణి నేనే మొదట. నాన్న జూట్ మిల్లులో కండెలు మార్చేవాడు. నేను చేరే రోజున కొత్త చొక్కా గుండీలు సవరించి, "సూరీ, ఆఫీసులో ఎవులేటడిగినా ముందు నిలబడు, తరవాత మాటాడు" అన్నాడు. నేను అలాగే చేశాను.

మా ఉపసంచాలకులు ఆకెళ్ళ విశ్వపతి గారు. ఇరవై ఎనిమిదేళ్ళు భూముల సర్వేలో పనిచేసి మా దగ్గరికి డెప్యుటేషన్ మీద వచ్చారు. మొదటి రోజే నన్ను పిలిచి, "ప్రేరణంటే ఏమిటోయ్?" అన్నారు.

నేను నిలబడి, "మనసులో కలిగే ఒక రకమైన..." అన్నాను.

"ఆగు. మనసు మన అధికార పరిధిలోకి రాదు. పరిధిలోకి వచ్చేది స్థలం. ఎంత గొప్ప ప్రేరణైనా ఎక్కడో ఒకచోట కలిగి తీరాలి కదా? ఆ చోటే ప్రేరణ స్థలం. స్థలం అన్నాక నాలుగు చౌహద్దులుంటాయి, కొలత ఉంటుంది, హక్కుదారు ఉంటాడు. మనం వెళ్ళి హద్దులు చూసి, కొలిచి, పంచనామా రాసి, ధృవపత్రం ఇస్తాం. ఇన్నాళ్ళూ సర్వే లేకుండా సాహిత్యం ఎలా నడిచిందో నాకైతే అంతుపట్టడం లేదు."

పనిలో దిగాక ఆయన మాటలో నిజముందనిపించింది. అంతా చిక్కుల్లోనే ఉంది. జిల్లాలో పంతొమ్మిదిమంది కవులు ప్రేరణ స్థలంగా వెన్నెలను చూపించారు. మేం పదిన్నర నుంచి అయిదు దాకా, ఆఫీసు వేళల్లోనే, పంతొమ్మిది డాబాలూ ఎక్కి చూశాం. ఎక్కడా వెన్నెల కనబడలేదు. 'స్థలం క్షేత్రంలో లేదు' అని రాసి తిప్పి పంపాం. నూట నలభైమంది 'మా అమ్మ' అని రాశారు. విచారిస్తే అందులో ఆరుగురు అన్నదమ్ములని, ఒకే అమ్మను విడివిడిగా చూపించారని తేలింది. ఆ అమ్మను ఉమ్మడి ఖాతాలో వేసి, ఆరో వంతు చొప్పున ప్రేరణ పంచి ఇచ్చాం. చిన్నవాడు తన మీద అమ్మకు ప్రేమెక్కువని అప్పీలు చేసుకున్నాడు. అది ఇంకా నడుస్తోంది.

దరఖాస్తులో రెండో గడి పఠనాభిరుచి. ఒక నవలాకారుడు ప్రపంచ సాహిత్యమంతా చదువుతానని రాశాడు. విశ్వపతి గారు అతన్ని పది లావుపాటి పుస్తకాలూ ఒక దినపత్రికా ఉన్న గదిలో గంటసేపు కూర్చోబెట్టి, నన్ను కిటికీలోంచి చూడమన్నారు. అతను యాభై నిమిషాలు రాశిఫలాలు చదివి, పది నిమిషాలు ఆలోచనలో పడ్డాడు. 'అభిరుచి: కర్కాటక రాశి' అని నమోదు చేశాం.

మూడో గడి రచనా అలవాట్లు. దాని సంగతి తరవాత వస్తుంది.

ఒక సోమవారం మధ్యాహ్నం బోనెల పైడమ్మ గారు మా ఆఫీసుకు వచ్చారు. యాభై దాటిన మనిషి. మెడలో టేపు వేలాడుతోంది. గడపలోనే ఆగి, "బాబూ, పుస్తకాలకి కాయితం ఇచ్చే ఆఫీసు ఇదేనా?" అన్నారు.

"ధృవపత్రం అంటారమ్మా. రండి, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. చేతి సంచీలోంచి ఒక నవల తీసి బల్ల మీద పెట్టారు. పేరు 'తరవాతేటైందంటే'. మూడు వందల పన్నెండు పేజీలు. ప్రెస్సు ఓనరు భార్య ఆవిడ ఖాతాదారట, అందుకని పని లేని రోజుల్లో అచ్చువేసి పెట్టారు.

"మీరేం చేస్తుంటారమ్మా?"

"జాకెట్లు కుడతాను బాబూ. మార్కెట్టు ఎనకాల. లైబ్రరీ కర్టెన్లు కూడా నానే కుడతన్నాను, పద్దెనిమిదేళ్ళ బట్టీ."

"అయితే లైబ్రరీ మీకు బాగా అలవాటే."

"గుమ్మం దాకానే. కొలతలకని కిటికీ కాడ నిలబడతాను. లోపల బల్లకాడ కూకుని చదివేవోళ్ళని చూత్తాను. ఏడో తరగతి చదివినదాన్ని, లోపలికెల్తే ఏటంటారో అని ఎప్పుడూ ఎల్లలేదు. ఇప్పుడు నా పుస్తకం ఆ బల్ల మీద ఉంటే, దాన్ని చూడ్డానికొచ్చినానని చెప్పి ఎల్లొచ్చు కదా. కాయితం లేందే పెట్టనన్నారు లైబ్రేరియను గారు. పుస్తకమొచ్చి డెబ్బై రోజులైపోనాది."

నేను దరఖాస్తు ముందు పెట్టుకున్నాను. "మీకు ప్రేరణ ఎక్కడ కలిగిందమ్మా?"

ఆవిడ సిగ్గుపడ్డారు. "మెడ కాడ బాబూ."

"అంటే?"

అప్పుడావిడ చెప్పిన సంగతి ఇది. కొత్త ఖాతాదారు వస్తే ఆవిడ ముందు పాత వారపత్రిక కాగితం మీద జాకెట్టు కత్తిరించుకుంటారు. దాన్ని పేపరు కటింగు అంటారు. మనిషికొక కటింగు, దాని మీద పేరు, అన్నీ మేకుకు గుచ్చి ఉంటాయి. ఒకరోజు అలా ఒక కాగితం కత్తిరించాక చూస్తే దాని మీద సీరియల్ ఉంది. ఒకమ్మాయి పెట్టె పట్టుకుని స్టేషన్లో నిలబడింది. బండి వచ్చింది. అక్కడికి సరిగ్గా మెడ వచ్చింది. గుండ్రంగా కత్తిరించేశారు.

"ఆ పిల్ల బండెక్కిందో లేదో తెలీదు బాబూ. మెడ ముక్క పొయ్యిలో ఏసీసినాను. పదిహేనేళ్ళు ఆలోచించినాను. ఆఖరికి నానే రాసీసినాను."

నాకు ముచ్చటేసింది. కానీ మా ఆఫీసు సంగతి నాకు తెలుసు. ఉన్న స్థలం కొలవడానికే నానా తంటాలు పడుతున్నాం. లేని ముక్కను విశ్వపతి గారు ఎలా కొలుస్తారు? గొంతు తగ్గించి అన్నాను: "పైడమ్మ గారూ, నా మాట వినండి. 'మా అమ్మ' అని రాసేద్దాం. వారంలో పనైపోతుంది."

"మా అమ్మకి నాను చదవడమే ఇష్టం లేదు. కిరసనాయిలు దండగనీసి దీపం ఊదీసేది. చచ్చి ఏ లోకానుందో, ఆవిడ్నెందుకు బాబూ ఇందులో ఇరికిస్తావు? మెడ అని రాయి."

మెడ అనే రాశాను. విశ్వపతి గారు దరఖాస్తు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. నేను అనుకున్నట్టు కోప్పడలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూరీ! ఇన్నాళ్ళకు కొలవడానికి వీలైన ప్రేరణ దొరికిందోయ్!"

స్థల పరిశీలన గురువారం పెట్టుకున్నాం. విశ్వపతి గారు, నేను, అటెండరు సన్యాసిరావు. కొట్టు ఎంత చిన్నదంటే ముగ్గురం లోపలికి వెళ్ళాక మిషను బయట పెట్టాల్సి వచ్చింది. సన్యాసిరావు భూమి కొలిచే గొలుసు మోసుకొచ్చాడు. పైడమ్మ గారు దాన్ని చూసి, "అది నా జాకెట్టుకు పెద్దదవుద్దేమో బాబూ" అని తన టేపు ఇచ్చారు. మేకు మీంచి ఆ పాత కటింగు దించి బల్ల మీద పరిచారు. పసుపు పచ్చగా మారిపోయింది. పై అంచున నట్టనడుమ గుండ్రటి ఖాళీ.

విశ్వపతి గారు చెప్తుంటే నేను రాసుకున్నాను. "ప్రేరణ స్థలం: ఒకానొక మెడ. వెడల్పు ఆరంగుళాలు, లోతు ఏడున్నర. చౌహద్దులు. తూర్పు: తలనొప్పి మాత్రల ప్రకటన. పడమర: పెట్టె పట్టుకున్న అమ్మాయి ఎడమ చెయ్యి. దక్షిణం: 'బండి వచ్చి ఆగింది' అను వాక్యం. ఉత్తరం..." ఆగి చూశారు. "ఉత్తరం ఏమీ లేదే?"

"అది భుజాలు కలిసే చోటు బాబూ. ముక్కలు కలిపి కుట్టాకనే హద్దు."

"ఉత్తరం: కుట్టవలసి యున్నది" అని రాయించారు.

తరవాత అలవాట్లు. ఆ గడిలో పైడమ్మ గారు 'కరెంటు పోయినప్పుడు రాస్తాను' అని రాయించారు. మిషనుకు మోటారు ఉంది. కరెంటు ఉన్నంతసేపూ కుట్టుపని, పోతే రాతపని. విశ్వపతి గారు కళ్ళారా చూడందే ఏదీ నమోదు చెయ్యరు. కాబట్టి కరెంటు పోవడం కోసం కూర్చున్నాం. పన్నెండైంది. రెండైంది. ఆ వీధిలో రోజుకు మూడుసార్లు పోయే కరెంటు ఆరోజు రెప్ప కూడా వెయ్యలేదు. పైడమ్మ గారు నాలుగు జాకెట్లు పూర్తిచేసి అయిదోది మొదలెట్టారు.

"అలవాటు నిరూపణ కావడం లేదు" అన్నారు విశ్వపతి గారు గంభీరంగా.

సన్యాసిరావు బీడీ కాల్చుకొస్తానని లేచాడు. రెండు నిమిషాల్లో ఫ్యాను ఆగిపోయింది. పైడమ్మ గారు చటుక్కున జాకెట్టు పక్కన పడేసి, మిషను కింది నోటుబుక్కు లాగి, మేమున్నామన్న ధ్యాసే లేకుండా రాయడం మొదలుపెట్టారు. విశ్వపతి గారు గడియారం చూసి సమయం వేసుకున్నారు. నేను తలుపు సందులోంచి చూశాను. సన్యాసిరావు చేతిలో ఫ్యూజు ఉంది. పంచనామాలో అది రాయలేదు. నా ఉద్యోగంలో నేను రాయకుండా వదిలేసిన మొదటి సంగతి అదే.

అంతా సజావుగా అయిందనుకుంటుండగా విశ్వపతి గారు లేచి నిలబడి, "హక్కుదారు ఎవరు?" అన్నారు.

"దేనికి బాబూ?"

"మెడకు. కటింగు మీద పేరుంది కదా. ఎవరి మెడ ఇది?"

కాగితం అంచున పెన్సిలుతో 'సుగుణావతి టీచరు' అని ఉంది.

సుగుణావతి టీచరు గారు రిటైరై ఆ పక్క వీధిలోనే ఉంటున్నారు. అభ్యంతరం లేదని ఆవిడ సంతకం పెడితే చాలు. కాగితం తీసుకుని నేను వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"మేడమ్, మీ మెడలోంచి ఒక నవల వచ్చిందండీ. మీకు అభ్యంతరం లేదని ఇక్కడ సంతకం పెట్టాలి."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "ఏం చదివావు నాయనా?"

"బీఏ అండీ."

"బీఏ చదివి ఇదా నువ్వు మాట్లాడేది? ఎవరి మెడ, ఏం నవల?"

విషయమంతా చెప్పాను. ఆవిడ నవల తీసుకుని, చదవకుండా దేని మీదా సంతకం పెట్టనని చెప్పి పంపేశారు. వారం తరవాత వెళితే పుస్తకం ఒళ్ళో ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చదివాను. రాత్రంతా చదివాను. ఆ పిల్ల బండి దిగి వెనక్కొచ్చినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు."

"అయితే సంతకం పెడతారా మేడమ్?"

"ఎందుకు పెడతానయ్యా? నా మెడలోంచి ఇంత మంచి కథ వచ్చిందని తెలిశాక హక్కు వదులుకుంటానా? నాది సన్నటి మెడ కాబట్టి కదా కథ అక్కడ ఆగింది! కాస్త లావు మెడైతే ఆ పిల్ల స్టేషనుకే వచ్చేది కాదు. అట్ట మీద నా పేరూ ఉండాలి."

ఆ సంగతి చెబితే పైడమ్మ గారు నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు లేదు. "ఇంకెన్ని రోజులుంది బాబూ?" అన్నారు.

"తొమ్మిది."

విచారణ ఎనభై ఎనిమిదో రోజున పెట్టారు. ఒక పక్క పైడమ్మ గారు, ఒక పక్క టీచరు గారు. మధ్యలో బల్ల మీద ఆ కటింగు, నాలుగు పక్కలా పేపరువెయిట్లు. విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు. "దావాలో చూపిన స్థలమూ, క్షేత్రంలో ఉన్న స్థలమూ ఒకటేనా కాదా అన్నది ముందు తేలాలి. పైడమ్మా, కొలువు."

"ఏటి?"

"టీచరు గారి మెడ."

పైడమ్మ గారు లేచి, "టీచరమ్మా, ఏటనుకోకు" అంటూ టేపు చుట్టారు. చూశారు. టేపు నా వైపు తిప్పి చూపించారు. ఆవిడ పాత కొలతల పుస్తకంలో టీచరు గారి మెడ పదమూడంగుళాలు. టేపు మీద పదహారున్నర.

"చెప్పవోయ్" అన్నారు విశ్వపతి గారు.

నేను నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. "పెరిగిందండీ" అన్నాను.

"థైరాయిడ్!" అని అరిచారు టీచరు గారు. "డాక్టరు చీటీ ఉంది! మెడ నాదే!"

"మీదే కావచ్చు. కానీ రికార్డులో ఉన్న మెడ ఇది కాదు. పదమూడంగుళాల మెడ ప్రస్తుతం భూమ్మీద లేదు. హక్కుదారు లేని స్థలం ఏమవుతుంది సూరీ?"

"తెలీదండీ."

"ప్రభుత్వ పోరంబోకు అవుతుంది." ఆయన అందరి వైపూ తృప్తిగా చూశారు. "కాబట్టి ఈ ఖాళీ ప్రభుత్వానిది. ప్రభుత్వ ఖాళీలో అనుమతి లేకుండా మూడు వందల పన్నెండు పేజీలు నిర్మించినందున, పైడమ్మను ఆక్రమణదారుగా ప్రకటించడమైనది. ధృవపత్రం నిరాకరించడమైనది. ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

టీచరు గారే ముందు తేరుకున్నారు. "ఇదెక్కడి న్యాయమండీ? నేను పేరడిగాను గానీ, ఆవిడ పుస్తకం తీసేయమన్నానా?"

పైడమ్మ గారు టేపు మెల్లగా చుట్టుకున్నారు. "అయితే ఆ బల్ల మీద పెట్టరన్నమాట" అన్నారు. ఎవర్నీ ఉద్దేశించి కాదు. ఆవిడ వెళ్ళిపోతుంటే నేను మెట్ల దాకా వెళ్ళాను. "కర్టెన్లు మార్చే రోజులొచ్చాయా అమ్మా?" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ మాట నేను జీవితంలో అనలేదు. ఆవిడ తలూపి దిగిపోయారు.

ఖాళీ చేయించే నోటీసు తయారుచెయ్యడం నా పని. మర్నాడు ఎంతసేపు కూర్చున్నా చెయ్యి ఆడలేదు. నియమాల పుస్తకం తిరగేశాను. రెండుసార్లు తిరగేశాక లేచి విశ్వపతి గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను.

"సార్, ఆక్రమణ నోటీసు ఎక్కడ అతికించాలండీ?"

"నీకు అన్నీ నేనే చెప్పాలా? ఆక్రమిత స్థలం మీద, జనం చూసే చోట."

"ఆక్రమిత స్థలం ఈ పుస్తకంలో ఉందండీ."

"అయితే పుస్తకం మీద."

"జనం పుస్తకాలు చూసే చోటంటే లైబ్రరీ అండీ."

ఆయన పెన్ను కింద పెట్టారు. "జిల్లాలో ఎన్ని శాఖలున్నాయి?"

"ముప్పై ఏడండీ. కానీ ధృవపత్రం లేని పుస్తకం లైబ్రరీలో పెట్టకూడదు కదండీ."

"పుస్తకంగా పెట్టకూడదు. నోటీసుగా పెట్టొచ్చు. ముప్పై ఏడింటికీ పంపు. బల్ల మీదే ఉంచమని రాయి, బీరువాలో పెడితే ఎవరు చూస్తారు? ప్రభుత్వ ఆస్తి విషయంలో ఉదాసీనత పనికిరాదు."

ఆ సాయంత్రం సన్యాసిరావూ నేనూ పైడమ్మ గారి కొట్టు నుంచి ముప్పై ఏడు ప్రతులు తెచ్చాం. ప్రతి అట్ట మీదా నోటీసు అతికించాం: 'ఇది ప్రభుత్వ స్థలం. బోనెల పైడమ్మ అనువారు ఇందు ఒకటో పేజీ మొదలు మూడు వందల పన్నెండో పేజీ వరకు ఆక్రమించియున్నారు. ప్రజలు గమనించగలరు.'

ప్రజలు గమనించారు.

ఏడు రోజులు గడిచాక ఖాళీ చేయించినట్టు నివేదిక పంపమని శాఖలన్నిటికీ రాశాం. జవాబులు వచ్చాయి. ఒక శాఖ: 'ఆక్రమిత స్థలం పాఠకుల ఇంట ఉన్నది. తిరిగి రాగానే ఖాళీ చేయించగలము.' ఇంకొకటి: 'తిరిగి వచ్చినది గాని, మేము చూచుచుండగానే మరియొకరు తీసుకొనిపోయిరి.' మూడోది ఒక లైబ్రేరియను సొంత దస్తూరీ: 'నేనే చదువుచున్నాను. బండి ఇప్పుడే కదిలినది. దయచేసి గడువు పొడిగించగలరు.' విశ్వపతి గారు అన్నీ చదివి, "స్థలం చేతులు మారుతోంది. గట్టి కేసు ఇది" అని, ముప్పై ఏడు ఫైళ్ళు తెరవమన్నారు.

సారిపేట శాఖ నుంచి మాత్రం నివేదిక రాలేదు. కనుక్కురమ్మని నన్నే పంపారు. నేను వెళ్ళేసరికి లైబ్రేరియను గారి బల్ల ముందు పైడమ్మ గారు నిలబడి ఉన్నారు. గుమ్మం లోపల. చేతిలో కొత్త కర్టెన్లు లేవు, టేపూ లేదు.

"అమ్మా, ఆ నోటీసు..." అంటూ మొదలెట్టాను. "ఆక్రమణదారు అని రాయాల్సొచ్చింది. ఏమీ అనుకోకండి."

"ఎందుకనుకుంటాను బాబూ? ఉన్నమాటే కదా. పదిహేనేళ్ళ బట్టీ ఆ ఖాళీలో నానే కూకున్నాను. ఇంకెవులున్నారక్కడ?" అని ఆవిడ లైబ్రేరియను వైపు తిరిగారు. "నా పుస్తకం చూద్దామని వచ్చినాను. బల్ల మీద లేదంటన్నారు."

"ఎక్కడుంటుందమ్మా?" అన్నాడు లైబ్రేరియను, రిజిస్టరు తిప్పి చూపిస్తూ. "తెచ్చిన రోజు నుంచి బల్ల మీద నిలిచిందే లేదు. ఇదిగో, వరసలో పదకొండుమంది ఉన్నారు. మొదటి పేరు టీచరు గారిది, రెండోసారి చదువుతారట."

పైడమ్మ గారు ఆ పేర్ల మీద వేలు పెట్టి, పై నుంచి కిందిదాకా ఒక్కొక్కటే చదివారు. తరవాత కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు.

"అయితే పన్నెండోది నా పేరు రాయి బాబూ" అన్నారు. "నా వంతొచ్చేదాకా ఇక్కడే కూకుని ఏదో ఒకటి చదువుకుంటాను."